వసారాలో పీట

చివరి బెంచీతో మొదలుపెట్టి ముందుకు తుడుచుకుంటూ పోవడం గంటాయన పద్ధతి. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, వెనక కూర్చునేవాళ్ళ దుమ్ము ముందు వదలాలి కదా అని నవ్వేవాడు. అసలు సంగతి అది కాదు. నలభై ఎనిమిదేళ్ళ కిందట తనకీ పని నేర్పిన ముసలాయన అలా తుడిచేవాడు, ఇతనూ అలాగే తుడుస్తున్నాడు, అంతే.

శనివారం ఉదయం తొమ్మిదైంది. పొడవాటి కిటికీల్లోంచి ఎండ బెంచీల మీద ఏటవాలుగా పడుతోంది. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. చేతిలో తడిగుడ్డ, భుజం మీద పొడిగుడ్డ. బకెట్‌లో నీళ్ళు నాలుగు బెంచీలకోసారి మార్చాలి. మార్చకపోతే చెక్క మీద చారలు పడతాయి. ఆ చారలు ఆదివారం ఇంకెవరికీ కనబడవు గానీ, గంటాయనకు ప్రార్థన మధ్యలో కళ్ళు మూసుకున్నా కనబడుతూనే ఉంటాయి.

మనిషి సన్నం. అరవై ఏడేళ్ళు. చర్చి గంట తాడు లాగి లాగి కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారింది. అందువల్ల ఏ చొక్కా వేసుకున్నా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. అరచేతులు తాడుకు ఒరుసుకుని గట్టిపడ్డాయి. పొగలు కక్కే టీ గ్లాసు ఆయన పట్టుకున్నంతసేపు ఇంకెవరూ పట్టుకోలేరు. పిల్లలకు గంట తాత, పెద్దలకు గంటాయన. చెవులు మాత్రం పాముచెవులు. చివరి బెంచీ మూలన, గంట తాడు పక్కన తన చోట్లో కూర్చుని, ముందు వరసలో ఎవరి సంచీలో చాక్లెట్ కాగితం గరగరలాడినా పట్టేస్తాడు.

బెంచీలను చూసి మనుషుల్ని చెప్పగలడు. మూడో బెంచీ కింద కాగితాలుంటే టైలరు మనవలు వచ్చినట్టు. అయిదో బెంచీ వీపు మీద నూనె మరక లెక్కల మాస్టారిది. ప్రసంగం మొదలైన పది నిమిషాలకు ఆయన తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, సన్నగా గురకపెడుతూ ధ్యానం చేస్తారు. రెండో బెంచీ కుడి కొస మందుల షాపావిడది, ఆవిడ పక్కన ఆవిడ చేతిసంచీకి కూడా ఒక చోటు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే ముఖం మాడ్చుకుంటారో, ఎవరు ఆలస్యంగా వచ్చి పిల్లిలా దూరతారో, అంతా ఆయనకు కొట్టినపిండి. ఆదివారం గుమ్మంలో నిలబడి మనుషుల్ని వాళ్ళ వాళ్ళ చోట్లకు పంపడం ఆయన రెండో ఉద్యోగం. నోరు విప్పి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, కనుబొమ కదిలితే చాలు, గంటాయన గ్రహించేసేవాడు. అందుకే ఆయనంటే అందరికీ ఇష్టం. చివరికి ఆ తెలివే ఆయన కొంప ముంచింది.

బెంచీలన్నీ అయ్యాక వసారాకు వచ్చాడు. గొడుగులు పెట్టే డబ్బా తుడిచి, గుమ్మం కడిగి, మూలనున్న పీట పక్కకు జరిపి ఊడ్చాడు. ఒకప్పుడు ప్రతి శనివారం ఈ మూలన ఒక పెంకు ముక్క దొరికేది. ఇంటికప్పు పెంకు విరిగితే రాలే ముక్క, రెండు వేళ్ళ వెడల్పున. పిల్లలు ఆడుకుని పడేసి పోతున్నారని విసుక్కుంటూ గోడ అవతలికి గిరాటేసేవాడు. ఈ నాలుగు నెలలుగా దొరకడం లేదు. పిల్లలకు బుద్ధొచ్చిందనుకున్నాడు.

పీటను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచాడు. దాని మీద కూడా నాలుగు నెలలుగా ఎవరూ కూర్చోవడం లేదు. అయినా తుడుస్తున్నాడు.

ఆ పీట ఆయన చేసిందే. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం, వీధి కాలువలు శుభ్రం చేసే ఆవిడొకామె పని మీంచి నేరుగా ఆరాధనకు వచ్చింది. ఆమెకు ఎనిమిదిన్నరకు పని దిగుతుంది, తొమ్మిదికి ఆరాధన. ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చే వ్యవధి లేదు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ వచ్చి, కుళాయి దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కుని, రెండో బెంచీలో ఖాళీ కనబడితే వెళ్ళి కూర్చుంది. పక్కనున్న మందుల షాపావిడ చేతిరుమాలు ముక్కు దగ్గరికి తీసుకుంది. అంతే జరిగింది. ఆవిడ ఏమీ అనలేదు, ఆ రోజు ఆవిడకు జలుబే చేసి ఉండవచ్చు. కానీ గుమ్మంలోంచి గంటాయన ఆ రుమాలును చూశాడు.

తర్వాతి ఆదివారానికల్లా పీట తయారైంది. ఇక్కడికి రాకముందు వడ్రంగి కొట్లో పనిచేసినవాడు కాబట్టి, విరిగిన పాత బెంచీ చెక్కను రెండు సాయంత్రాలు చిత్రికపట్టి, అంచులు గుండ్రంగా అరగదీసి, ఎంతో ముచ్చటగా చేశాడు. ఆమె రాగానే గుమ్మం బయటే ఆపాడు. "ఇదిగో అమ్మా, నీకోసమే చేశాను. ఇక్కడైతే గాలి బాగా తగుల్తుంది" అన్నాడు. ఆమె పీట వంక చూసింది, ఆయన వంక చూసింది, కూర్చుంది. "చాలా బావుంది పెద్దయ్యా" అంది. సంఘ పెద్దలు ఆ పీటను చూసి గంటాయనది ఎంత మంచి మనసో అన్నారు. గంటాయన కూడా అదే అనుకున్నాడు. పదకొండేళ్ళపాటు అలాగే అనుకుంటూ వచ్చాడు.

ఇవాళ వంగి లేచేసరికి ఎడమ చేతిలోకి నొప్పి జారింది. ఈమధ్య ఇది మామూలైంది. డాక్టరు ఇచ్చిన బిళ్ళ నాలుక కింద పెట్టుకుని, తగ్గేదాకా ఎక్కడో ఒకచోట కూలబడాలి కాబట్టి ఆ పీట మీదే కూర్చున్నాడు. చేసిననాటి నుంచీ ఆయన దాని మీద కూర్చోవడం అదే మొదటిసారి. పీట టక్కుమని ఎడమకు ఒరిగింది. సర్దుకుంటే కుడికి వచ్చింది. నేల ఎగుడుదిగుడుగా ఉంది కాబోలనుకున్నాడు.

లోపల పాస్టరుగారు మైకు పెట్టుకుని ప్రసంగం మొదలుపెట్టారు. శనివారం పదింటికి ఖాళీ బెంచీలకు మొత్తం ప్రసంగం ఒకసారి వినిపించి, మర్నాడు మనుషులకు వినిపించడం ఆయన అలవాటు. గంటాయన చెవులు రిక్కించాడు. గొంతు వినబడుతోంది గానీ మాట తెలియడం లేదు. హెచ్చుతోంది, తగ్గుతోంది, ఆగుతోంది. గుమ్మం తలుపు రెండో రెక్క ఎప్పుడూ మూసే ఉంటుంది, దానికి తగిలి మాటలన్నీ లోపలే తిరుగుతున్నాయి. దేవుడు అన్న మాట ఒక్కటి చెవికి అందింది, ఆ దేవుడు ఏం చేశాడో అందలేదు. పీటను గుమ్మం వైపు జరుపుకుని చూశాడు. అప్పుడూ అంతే. కనబడేది బెంచీల వీపులూ, మధ్యదారిలో ఒక మూరెడు నేల.

పాముచెవులున్న తనకే వినబడలేదు. పదకొండేళ్ళు ఆమె ఇక్కడ కూర్చుని ఏం విన్నట్టు? పాటలు వినబడి ఉంటాయి, అందరూ గొంతెత్తి పాడతారు కాబట్టి. ప్రసంగం ఒక్కటి కూడా విని ఉండదు. అయినా వెళ్ళేముందు ప్రతిసారీ "ఇవాళ బాగా చెప్పారు పెద్దయ్యా" అనేది. తను చిన్నబుచ్చుకుంటాడని అలా అనేదన్నమాట. గంటాయనకు తల కొట్టేసినట్టయింది.

ఈ నాలుగు నెలలుగా ఆయన మోస్తున్న బరువు ఇంకొకటి ఉంది. ఆమె చివరిసారి వచ్చిన ఆదివారం పెద్ద వాన. జల్లు వసారాలోకి కొట్టి, పీట తడిసి, ఆమె తడిసింది. లేచి గుమ్మం దగ్గరికి వచ్చి, "పెద్దయ్యా, ఇవాళ్టికి లోపల కూర్చోనా?" అని అడిగింది. పదకొండేళ్ళలో ఆమె ఏదైనా అడగడం అదే మొదలు. వాన మూలాన సగం మంది రాలేదు, బెంచీలు చాలామటుకు ఖాళీ. గంటాయన ఒక్క క్షణం వెనక్కి చూశాడు. మందుల షాపావిడ వచ్చింది, సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది. "చోటు లేదమ్మా, అన్నీ నిండిపోయాయి" అన్నాడు. ఆమె ఆయన భుజం మీంచి లోపలికి చూసింది. "సరే పెద్దయ్యా" అని వానలోకి దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. నలభై ఎనిమిదేళ్ళుగా ఏ గుమ్మంలో నిలబడి రండి రండి అంటున్నాడో, ఆ గుమ్మంలోనే నిలబడి పచ్చి అబద్ధం ఆడాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ గంటాయనకు పాట పాడబుద్ధి కాలేదు. పెదవులు కదిపేవాడు, అంతే.

పాస్టరుగారు ప్రసంగం ముగించి నీళ్ళు తాగుతుంటే వెళ్ళి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక్క మాట."

"చెప్పండి పెద్దాయనా. మైకు మళ్ళీ పాడైందా?"

"మైకు బాగానే ఉందండి. నేనే పాడైపోయాను."

పాస్టరుగారు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నారు. గంటాయన రుమాలు దగ్గర మొదలుపెట్టి వాన దాకా ఏమీ దాచుకోకుండా చెప్పాడు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని విన్నారు. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి, మంచివాడు, గట్టిగా ఎవరినీ ఏమీ అనలేడు.

"ఆమెను బయట కూర్చోబెట్టమని మీతో ఎవరన్నారు?"

గంటాయన చాలాసేపు వెతుక్కున్నాడు. ఎవరో అన్నారనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. సంఘ పెద్దలా, పాత పాస్టరుగారా, మందుల షాపావిడా? ఒక్కొక్కరి ముఖమే గుర్తొస్తోంది గానీ, ఒక్కరి నోటి మాటా గుర్తు రావడం లేదు.

"ఎవరూ అనలేదండి."

"మరి?"

"లోపలికి పిలవమని కూడా ఎవరూ అనలేదండి."

పాస్టరుగారు కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టి, ఎంతసేపైనా ఆపలేదు. "నేనొచ్చి ఆరేళ్ళయింది. ఆమెకు అక్కడే ఇష్టమేమో అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆమెను దాటుకునేగా లోపలికి వస్తున్నాను" అన్నారు చివరికి. ఆ తర్వాత, అలవాటైన గొంతుతో, "దేవుణ్ణి క్షమాపణ అడుగుదాం పెద్దాయనా. ఇద్దరం అడుగుదాం" అన్నారు.

"ఆయన్ని నాలుగు నెలలుగా అడుగుతూనే ఉన్నానండి. అడిగినప్పుడల్లా ఆమె ఇంటివైపే చూపిస్తున్నాడు. నాకే ముఖం చెల్లక వెళ్ళలేదు."

"అయితే వెళ్ళిరండి. నన్నూ రమ్మంటారా?"

"వద్దండి. మీరొస్తే ఆమె లేచి నిలబడుతుంది."

చర్చి వెనక గంటాయన గది. ఒక మంచం, ఒక మేకుకు రెండు చొక్కాలు, అరలో రెండు పళ్ళేలు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు భార్య జ్వరంతో పోయింది, పిల్లలు లేరు. రెండో పళ్ళెం ఎవరికీ ఇవ్వలేదు, ఎవరికీ పెట్టలేదు. దాన్ని కూడా రోజూ కడిగి బోర్లిస్తాడు. ఆదివారం రెండొందల మందికి చేతులు జోడించే మనిషి, సోమవారం నుంచి శనివారం దాకా మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇవాళ రొట్టె ముక్క టీలో ముంచుకుని నిలబడే తిన్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదేమో, ఏదో వంక పెట్టుకుని ఆగిపోతాడేమో అని భయం. ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

బస్సుల డిపో దాటి, రైలు పట్టాలు దాటి వెళ్ళాలి. ఎండ గట్టిగానే ఉంది. నడుస్తుంటే ఆయనకు తను మొదటిసారి చర్చికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళ వయసు. వడ్రంగి కొట్లోంచి తన్ని తరిమేస్తే, ఒంటి నిండా జిగురూ రంపపు పొట్టూ, కడుపులో ఆకలి. పాట వినబడి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అప్పటి గంట కొట్టే ముసలాయన ఎగాదిగా చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, తాడు పక్కన మూలచోటు చూపించాడు. "ఇది నా చోటు. నువ్వు కూర్చో" అన్నాడు. ఆరాధన అయ్యేదాకా ముసలాయన నిలబడే ఉన్నాడు. ఆ మూలనే గంటాయన నలభై ఎనిమిదేళ్ళుగా కూర్చుంటున్నాడు. తనకు దొరికిన చోటు తన సొంతమనుకున్నాడే గానీ, తర్వాత వచ్చేవాళ్ళకు ఇవ్వడానికి ఇచ్చారని ఒక్కనాడూ తోచలేదు.

పట్టాల అవతల ఒకే వరసలో పదిపన్నెండు గదులు. కాలు ఈడుస్తూ నడిచే ఆవిడ అని అడిగితే, కుళాయి దగ్గరున్నవాళ్ళు చివరి గది చూపించారు. తలుపు తీసే ఉంది. ఆమె నేల మీద కూర్చుని, కొత్త చీపురు పుల్లల్ని ఒక్కచోటికి దూసి తీగ చుడుతోంది. జుట్టు ఇంకా తెల్లబడింది.

"పెద్దయ్యా!" ఆ గొంతులో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. "బయట నిలబడ్డారేం, లోపలికి రండి."

గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. దాని మీద మడతపెట్టిన బట్టలు తీసి మంచం మీద పడేసి, తుండుగుడ్డతో కుర్చీని రెండుసార్లు తుడిచి, ఫ్యాను కిందికి లాగింది. "ఇక్కడ కూర్చోండి, గాలి బాగా తగుల్తుంది" అంది. మామూలుగానే అంది. గంటాయన మాత్రం కుర్చీ అంచునే కూర్చున్నాడు.

గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగాడు. ఖాళీ గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. ఆమె మళ్ళీ తీగ అందుకుంది.

"ఆ వాన రోజున లోపల చోటుందమ్మా."

"తెలుసు."

"తెలుసా?"

"సగం బెంచీలు ఖాళీ. మీ భుజం మీంచి కనబడ్డాయి." పట్టుకారుతో తీగ కొస మెలిపెట్టి బిగించింది. "తడవడం నాకు కొత్తేం కాదు పెద్దయ్యా. నేను రోజూ తడిసే నీళ్ళకంటే వాన నీళ్ళు ఎంతో నయం. కోపం దానికి రాలేదు. చోటు లేదన్నారు చూడండి, దానికి వచ్చింది. రావద్దు అనేస్తే సరిపోయేది కదా."

"మీ తప్పేమీ లేదు, అంతా నాదే. ఆ ఒక్క రోజే కాదు, మొదటి నుంచీ నాదే తప్పు. మీరు నన్ను క్షమించాలి."

ఇన్నేళ్ళలో ఆయన ఆమెను మీరు అనడం అదే మొదలు. ఆమె తలెత్తి చూసి, మళ్ళీ పనిలోకి వంగింది.

"క్షమించానంటే మీకు హాయిగా ఉంటుంది. ఇంటికెళ్ళి నిద్రపోతారు. నాకేముంటుంది?"

నిజమే, ఆయన తన బరువు దింపుకోడానికే వచ్చాడు. ఆమె వీపు మీద ఏముందో ఆలోచించుకుని రాలేదు. బయట రైలు ఒకటి పోయింది, గది అంతా అదిరింది.

"రేపు రండి" అన్నాడు. "లోపలికి. తాడు పక్కన మూలచోటు నాది. ఎవరినీ జరగమని అడగక్కర్లేదు. అక్కడ కూర్చుంటే ప్రతి మాటా వినబడుతుంది."

"మరి మీరెక్కడ కూర్చుంటారు?"

"పీట ఉందిగా."

ఆమె చీపురు పక్కన పెట్టేసి ఫక్కున నవ్వింది. "దాని మీద మీరెప్పుడైనా కూర్చున్నారా?"

"ఇవాళే."

"ఊగిందా?"

"నేల బాలేదనుకున్నాను."

"నేల లక్షణంగా ఉంది. ఒక కాలు పొట్టి, అదీ సంగతి. ఒక చోట స్థిరంగా కూర్చోనిస్తేగా! వచ్చేటప్పుడు దారిలో పెంకు ముక్క ఒకటి ఏరుకొచ్చి కింద పెట్టుకునేదాన్ని. వారం తిరిగేసరికి అది ఉండేది కాదు. మళ్ళీ ఇంకోటి. ఎవరు తీసేవారో గానీ, పట్టువదలకుండా తీసేవారు."

గంటాయన చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"నేనే" అన్నాడు. "పిల్లలు పడేశారనుకుని... ప్రతి శనివారం... నేనే పారేసేవాణ్ణి. ఒక్క మాట ముందే చెప్పకూడదా?"

"అంత ముచ్చటపడి చేశారు. ఏమని చెప్పను?"

ఆయన ఏడ్చాడు. ముసలివాళ్ళు ఏడ్చినట్టు, చప్పుడు లేకుండా, ముఖం కప్పుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చాడు. ఆమె ఊరుకోమని అనలేదు, దగ్గరికీ రాలేదు. కాసేపయ్యాక లేచి గ్లాసు తీసుకుని మళ్ళీ నీళ్ళు నింపి ఇచ్చింది.

"రేపు నాకు డిపో కాలువల వైపు పని. ఎప్పటికి తెములుతుందో ఏమో" అంది. గుమ్మం దాకా వచ్చి, "చూస్తాను" అంది.

తిరిగి వచ్చేసరికి నాలుగు దాటింది. గంటాయన గోడ అవతలికి వెళ్ళి చూశాడు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. కాలితో తొలగిస్తే ఎర్రగా పెంకు ముక్కలు, ఒకదాని మీద ఒకటి, కొన్ని మట్టిలో సగం కూరుకుపోయి. వంగి ఒకటి తీయబోయి ఆగాడు. ఆమె ఏరి తెచ్చుకున్నవి, తను విసిరేసినవి. వాటిలో ఒక్కటి కూడా ముట్టుకునే హక్కు తనకు లేదనిపించింది.

పీటను తిరగేసి చూశాడు. ఒక కాలు నిజంగానే పొట్టి, గోరు వెడల్పంత. పనితనం మీద నమ్మకంతో చేసిన రోజున కూర్చుని చూడలేదు. రంపం తెచ్చాడు గానీ కొయ్యలేదు. రేపు ఒక్క ఆదివారమైనా ఆ ఊపు తనకూ తెలియాలనుకుని రంపం లోపల పెట్టేశాడు. తర్వాత మూలచోటు ఖాళీ చేశాడు. అట్ట ఊడిన కీర్తనల పుస్తకం, కళ్ళజోడు పెట్టె, దగ్గు బిళ్ళల సీసా, ఆనుకునే చిన్న దిండు. నలభై ఎనిమిదేళ్ళకు చెక్క అక్కడ కొద్దిగా గుంటపడింది. దిండు మాత్రం తీయకుండా దులిపి అక్కడే ఉంచాడు. ఆరింటికి సాయంత్రం గంట కొట్టాడు. తాడు ఎప్పటికంటే బరువుగా అనిపించింది గానీ, మనసు తేలిగ్గానే ఉంది. ఆమె క్షమించలేదు, వస్తాననీ అనలేదు. అయినా ఎదురుచూడటానికి ఒక మనిషి ఉండటం ఆయనకు చాలా ఏళ్ళ తర్వాత ఇదే మొదలు.

ఆదివారం ఎనిమిదింటికి మొదటి గంట మోగింది. ఎప్పుడూ మోగినట్టే మోగింది, విన్నవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. గంటాయన గుమ్మం తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. రెండో రెక్క తుప్పుపట్టిన గొళ్ళెం రాయితో కొడితే గానీ ఊడిరాలేదు. ఆ తర్వాత వసారాలో పీట మీద కూర్చున్నాడు. పీట ఎడమకు ఒరిగింది. నొప్పి మళ్ళీ చేతిలోకి దిగింది. బిళ్ళలు గదిలో నిన్నటి చొక్కా జేబులో ఉన్నాయి. లేచి వెళ్ళవచ్చు, కానీ ఆ రెండు నిమిషాల్లో ఆమె వస్తే గుమ్మంలో ఎవరూ ఉండరు. లోపల పాస్టరుగారు మైకు సరిచూసుకుంటూ ఏదో చదువుతున్నారు. ఈసారి మాటలు ఒక్కొక్కటీ స్పష్టంగా వినబడ్డాయి. ఒక్క తలుపు రెక్క, అంతే తేడా. గంటాయన గోడకు తల ఆనించి, గేటు వైపు చూస్తూ విన్నాడు.

ఎనిమిదీ ముప్పావుకు మోగాల్సిన రెండో గంట మోగలేదు.

ఆమె గేటు దాటి వచ్చింది. పనిబట్టల్లోనే ఉంది. రెండో గంట వింటే గానీ జనం కదలరు, ఇంకా ఎవరూ రాలేదు. కుళాయి దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కుని, తెచ్చిన పెంకు ముక్కను కూడా మట్టి పోయేలా కడిగింది. వసారా మెట్లెక్కుతూ పెద్దయ్యను చూసింది. పీట ఎడమకు ఒరిగి, ఆయన గోడకు ఒరిగి, కునుకు తీస్తున్నట్టున్నాడు.

"ఊగుతుందని చెప్పానా లేదా" అంటూ పెంకు పెట్టడానికి వంగింది. ఒళ్ళో ఉన్న ఆ గట్టి అరచెయ్యి దగ్గరగా కనబడింది. ముట్టుకుంది, చల్లబడి ఉంది. పెంకు ముక్క పట్టుకునే ఆయన పక్కన నేల మీద కూర్చుంది. కాసేపు అలా కూర్చుంది, గేటు తీసి ఉన్నా, ఎవరైనా వస్తారని తెలిసినా.

తర్వాత లేచి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్ళింది. మధ్యదారి వెంట, బెంచీలన్నీ దాటుకుంటూ, కాలు ఈడుస్తూ, పాస్టరుగారి దాకా నడిచి సంగతి చెప్పింది.

జనం వచ్చారు. గంటాయనను ఆయన గదిలో ఆయన మంచం మీదే పడుకోబెట్టారు. ఆరాధన ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది. పాస్టరుగారు రాసుకొచ్చిన కాగితాలు మడిచి పక్కన పెట్టేసి, నిన్న గంటాయన తనతో ఏం చెప్పాడో చెప్పారు. ఆ తర్వాత, తను ఆరేళ్ళుగా ఎవరిని దాటుకుని లోపలికి వస్తున్నారో అదీ చెప్పారు. మందుల షాపావిడ తల దించుకుంది. ఆవిడ చేతిలో రుమాలు ఉందో లేదో, చివరి బెంచీ మూలన గంట తాడు పక్కన కూర్చున్న మనిషి చూడలేదు. దిండుకు ఆనుకుని, ఆమె ప్రతి మాటా వింటోంది.

బయట వసారాలో పీట నిటారుగా నిలబడి ఉంది. దాని పొట్టి కాలి కింద, లోపలికి వచ్చేముందు ఆమె జాగ్రత్తగా దోపిన ఎర్ర పెంకు ముక్క ఉంది.